జ్యేష్ఠ పక్కన రెండో చుక్క: తప్పు అద్దానిది కాదు, మిద్దెది

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా కొన్న, ఆరంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోపుని కావలిలో మీ ఇంటి మిద్దె మీదికి ఎక్కించి, మే నెలలో ఒక రాత్రి బడి పిల్లలకి జ్యేష్ఠా నక్షత్రం చూపించారు. "ఇది ఒకటి కాదర్రా, రెండు" అని ముందే చెప్పేశారు. తీరా చూస్తే ఎర్రగా ఉడుకుతున్న ఒకే ఒక్క ముద్ద. "రెండోది సెలవులకి ఊరెళ్ళిందా సార్" అని ఒక పిల్ల అడిగిందన్నారు. నాకైతే ఆ పిల్ల బాగా నచ్చింది.

మీరు అడిగినవి మూడు. అద్దంలో తేడా ఉందా? రెండూ కలిసి పుట్టినవే అయితే ఒకటే ఎందుకు ముసలిదైంది? ఇది పేలిపోతుందని టీవీలో చెప్పేది నిజమేనా? మొదటిదే అసలు సమస్య కాబట్టి ఎక్కువ దాని మీదే రాస్తాను.

నేను ఒంగోలులో పాతికేళ్ళుగా ఈ చుక్కలు చూసే పని చేస్తున్నాను. నాకూ మొదటి మూడు వేసవులు జ్యేష్ఠ ఒకటిగానే కనబడింది. అద్దం మీద అనుమానంతో అమ్మినాయనకి ఫోన్ చేసి గొడవ కూడా పెట్టుకున్నాను. తప్పు నాదేనని తర్వాత తెలిసింది. టెలిస్కోపు కదలకుండా ఉంటుందని మిద్దె మీద ఒక మూల చీమకుర్తి గ్రానైటు పలక వేయించాను. బ్లాక్ గెలాక్సీ రాయి, నల్లటి నలుపులో బంగారు రంగు మెరుపులు, చూస్తే ఆకాశం ముక్కలాగే ఉంటుంది. పేరు కూడా కుదిరిందని మురిసిపోయాను. ఆ నల్లరాయి పగలంతా ఎండ తాగుతుంది, రాత్రి పన్నెండు దాటినా చేతికి వెచ్చగా తగులుతూనే ఉంటుంది. దాని మీంచి లేచే వేడిగాలి గొట్టం మూతి ముందు నుంచే పైకి పోతుంది. పెనం మీద గాలి ఎలా వణుకుతుందో చూశారుగా, మనం ఆ వణుకులోంచి చుక్కని చూస్తున్నాం అన్నమాట. రోహిణి కార్తె ఎండలో కాగిన మీ సిమెంటు స్లాబు చేసిన పని కూడా ఇదే.

ఆ రెండు చుక్కల మధ్య ఎడం సుమారు 2.7 ఆర్క్ సెకన్లు. ఒక డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక ఆర్క్ సెకను. పిల్లలకి చెప్పాలంటే, కిలోమీటరున్నర దూరంలో ఎవరో రూపాయి బిళ్ళ పట్టుకుని నిలబడితే ఆ బిళ్ళ ఈ కొస నుంచి ఆ కొసకి ఉన్నంత. మీ ఆరంగుళాల అద్దం ఒక ఆర్క్ సెకను లోపు ఎడాన్ని కూడా విడదీయగలదు, కాబట్టి దానికి ఇది గొప్ప పరీక్షేమీ కాదు. చిక్కంతా వెలుగులోని తేడా దగ్గర వస్తుంది. పెద్దది ఒకటో తరగతి చుక్క, దాని ప్రకాశం 0.6 నుంచి 1.6 దాకా మెల్లగా మారుతూ ఉంటుంది. చిన్నది 5.5 దగ్గర ఉంటుంది. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. అంటే పెద్దదాని వెలుగు సుమారు 60 రెట్లు ఎక్కువ. లారీ హెడ్‌లైటు పక్కన అగరుబత్తి నిప్పు. గాలి ఏమాత్రం వణికినా పెద్దదాని వెలుగు చెదిరి చిన్నదాన్ని కప్పేస్తుంది. అప్పుడు ఎంత పెద్దది చేసి చూసినా ఆ ముద్దే పెద్దదవుతుంది.

ఇంకో సంగతి. ఇలాంటి జంటలకి ఊరి లైట్లు అడ్డం కాదు. చాలామంది మైపాడు పోవాలి, కొత్తపట్నం పోవాలి, చీకటి కావాలి అంటారు. నెబ్యులాలు, గెలాక్సీలు చూడాలంటే నిజమే. జ్యేష్ఠకి కావాల్సింది నిలకడగా ఉన్న గాలి. రొయ్యల చెరువుల లైట్లు నాలుగు దిక్కులా వెలుగుతున్నా నష్టం లేదు. నిజానికి ఆకాశంలో కొంచెం వెలుగు ఉంటేనే మంచిది, ఎందుకో కింద చెప్తాను.

మే నెల రాత్రులు వదిలేయండి. మార్చి మొదటి వారం దాకా ఆగండి. ఆ రోజుల్లో తెల్లవారుజామున అయిదున్నరకి జ్యేష్ఠ సరిగ్గా దక్షిణాన, ఆకాశంలో తనకి చేతనైనంత ఎత్తులో ఉంటుంది. రాత్రంతా చల్లబడిన నేల ఆ వేళకి వేడి కక్కడం మానేస్తుంది. టెలిస్కోపుని మిద్దె మీద కాకుండా బడి గ్రౌండులో గడ్డి మీదో మట్టి మీదో పెట్టండి. చూసే వేళకి గంట ముందే బయట పెట్టేయాలి, అద్దం కూడా చల్లబడాలిగా. అద్దాల అమరిక ముందురోజు సాయంత్రమే సరిచూసుకోండి. మీ కిట్‌లో వచ్చిన 10 మిల్లీమీటర్ల ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే కటకం) రెండు రెట్ల బార్లో (బొమ్మని రెట్టింపు చేసే కటకం) తగిలిస్తే 240 రెట్లు వస్తుంది, అది చాలు.

అయిదున్నర నుంచి ఆరుంపావు దాకా కళ్ళు తీయకుండా చూడండి. తూర్పున తెలుపెక్కుతున్న కొద్దీ ఆకాశం నీలంగా మారి, జ్యేష్ఠ చుట్టూ ఉన్న మిరుమిట్లు తగ్గుతాయి. వెలుతురులో దీపం కంట్లో గుచ్చుకోదు కదా, అలాగే. చిన్న చుక్క ఇంకా ఆరిపోకుండా, పెద్ద చుక్క మాత్రం నెమ్మదించే ఒక పది పదిహేను నిమిషాలు దొరుకుతాయి. నాలుగో ఏడాది నాకు దొరికింది ఆ పది నిమిషాల్లోనే, అదీ మా మిద్దె మీద కాదు, కనిగిరి వైపు ఒక మిత్రుడి శనగ చేలో.

ఎటు వైపు వెతకాలో తెలియకపోతే కళ్ళ ముందున్నా పట్టుకోలేం. చిన్నది పెద్దదానికి దాదాపు పడమటి దిక్కున ఉంది. మీ టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగా వస్తుంది కాబట్టి కుడి ఎడమలు లెక్కపెట్టుకోకండి. గొట్టాన్ని కదపకుండా వదిలేయండి. చుక్క తనంతట తాను ఐపీస్‌లో ఒక వైపుకి జరుగుతూ పోతుంది. ఎటు పోతుందో అదే పడమర. అంటే చిన్నది ముందు నడుస్తుంటే పెద్దది వెనక వస్తుంది. గాలి ఒక్క క్షణం కుదురుకున్నప్పుడు పెద్దదాని ముందు, దాని చుట్టూ కనబడే వెలుగు వలయాలకి కాస్త అవతల, సన్నని మొన లాంటి చుక్క ఒకటి తేలుతుంది. అది వరసగా కనబడదు. రెండు క్షణాలు ఉండి పోతుంది, మళ్ళీ వస్తుంది. మూడుసార్లు అదే చోట కనిపిస్తే మీరు చూసినట్టే.

అది ఆకుపచ్చగా కనబడితే కంగారు పడకండి, చాలామందికి అలాగే కనబడుతుంది. నిజానికి అది నీలి తెలుపు చుక్క. మిరపకాయల కల్లంలో కాసేపు ఎరుపు చూసి, ఒక్కసారి సున్నం కొట్టిన గోడ వైపు తిరిగితే గోడ ఆకుపచ్చగా అనిపిస్తుందే, అదే తంతు. ఎర్రటి జ్యేష్ఠ మన కంటికి వేసిన రంగు అది.

మనవాళ్ళు పెద్దగా పట్టించుకోని వసతి ఒకటి మనకుంది. జ్యేష్ఠ దక్షిణ ఆకాశపు చుక్క. నెల్లూరు నుంచి చూస్తే అది 49 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. లండన్‌లో 12 డిగ్రీలు, వియన్నాలో 15 డిగ్రీల ఎత్తుకి మించి లేవదు. అంత కిందుగా ఉన్న చుక్కని దట్టమైన గాలిలోంచి చూడాలి. అందుకే యూరప్ పరిశీలకులకి ఈ రెండో చుక్క చాలాకాలం దొరకలేదు. 1819 ఏప్రిల్ 13న వియన్నాలో యోహాన్ టోబియాస్ బ్యుర్గ్‌కి అది మొదటిసారి తగిలింది, అదీ చంద్రుడి పుణ్యాన. ఆ కథ చివర్లో చెప్తాను. అడ్డం ఏమీ లేకుండా మామూలుగా చూసి పట్టుకున్నది స్కాట్లండ్ మనిషి జేమ్స్ విలియం గ్రాంట్, 1844 జూలై 23న. అప్పుడు ఆయన ఉన్నది భారతదేశంలో! ఇక్కడి నుంచి అది ఎంత ఎత్తున కనబడుతుందో తెలిశాక నాకు అందులో ఆశ్చర్యం ఏమీ కనబడలేదు.

రెండో ప్రశ్నకి వస్తాను. "జ్యేష్ఠ" అంటే పెద్దది అని కదా, కానీ ఏళ్ళ లెక్కలో ఇది పసిది. సూర్యుడికి 460 కోట్ల ఏళ్ళు, దీనికి కోటి, కోటిన్నర మాత్రమే. డైనోసార్లు పోయి ఆరున్నర కోట్ల ఏళ్ళయింది, అంటే అవి ఉన్న కాలానికి ఇది పుట్టనేలేదు. అయినా దీన్ని ముసలిదంటాం. ఎందుకంటే చుక్కకి ముసలితనం వచ్చేది ఏళ్ళ వల్ల కాదు, పొయ్యిలో కట్టెలు అయిపోవడం వల్ల.

లారీ ట్యాంకు మోపెడ్ ట్యాంకుకి రెండింతలే ఉందనుకోండి. రెండూ నిండుగా పోయించుకుని ఒకేసారి బయల్దేరి గంటల తరబడి నడుస్తూనే ఉంటే ముందు ఆగేది లారీనే. ఇక్కడా అంతే. పెద్దదాని బరువు సుమారు పన్నెండు సూర్యులు, చిన్నదాని బరువు ఏడు సూర్యులు. సరుకు రెట్టింపుకి కూడా తక్కువే కానీ ఖర్చు అయిదారు రెట్లు. అందుకని ఒకే కాన్పులో పుట్టినా పెద్దది తన గర్భంలోని హైడ్రోజన్‌ని తగలేసుకుంది. చిన్నది ఇంకా నడివయసు కూడా దాటకుండా, ఉపరితలం మీద 18,500 డిగ్రీల వేడితో నీలంగా మండుతోంది.

లోపల హైడ్రోజన్ అయిపోయాక జరిగే పని కొంచెం తిరకాసుగా ఉంటుంది, పిల్లలు ఇక్కడే తికమక పడతారు. మంట తగ్గితే చుక్క కుంచించుకుపోవాలి కదా, ఉబ్బడమేమిటి? లోపలి గుండ్రాయి, అంటే చుక్క నడిమి భాగం, కుంచించుకుపోయే మాట నిజమే. కుంచించుకుంటే వేడెక్కుతుంది. ఆ వేడికి దాని చుట్టూ ఉన్న పొరలో మిగిలిన హైడ్రోజన్ మునుపటి కంటే ఉధృతంగా అంటుకుంటుంది. ఆ వేడి తోసిన తోపుకి పై పొరలు ఎక్కడికో పోతాయి. అంత దూరం పోయాక చల్లబడి ఎర్రబడతాయి. జ్యేష్ఠ పైపొర వేడి సుమారు 3,600 డిగ్రీలే, సూర్యుడి కంటే చల్లన. కానీ ఒళ్ళు అంత పెద్దది కాబట్టి మొత్తం వెలుగు సూర్యుడికి వేల వేల రెట్లు.

ఒళ్ళు ఎంత పెద్దదంటే, సూర్యుడి చోట దీన్ని పెడితే బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు నలుగురూ దాని కడుపులోనే తిరగాలి. వ్యాసార్ధం సూర్యుడికి సుమారు 680 రెట్లు. అయినా పలచన, మనం పీల్చే గాలి కంటే వేల రెట్లు పలచన. దాన్ని బంతిలా ఊహించుకోకండి, ఎర్రగా వెలిగే పొగమంచు అనుకోండి. చిలీలోని పరనాల్ టెలిస్కోపులని జతచేసి చిత్రించిన దాని ముఖం 2017లో బయటికి వచ్చింది. నునుపైన వృత్తం రాలేదు, మరుగుతున్న సాంబారు మీద లేచే బుడగల్లాగా ఎత్తుపల్లాలు వచ్చాయి. అదే పరిశీలనలో దాని పైపొరల్లో వాయువు ఎక్కడ పైకి ఎక్కుతోందో, ఎక్కడ కిందికి దిగుతోందో కూడా కొలిచారు. సూర్యుణ్ణి వదిలేస్తే మరే చుక్కకీ అంతకు ముందు అలాంటి పటం గీయలేదు.

బడి గ్రౌండులో ఒక పని చేయించండి. మీటరు అడ్డకొలత ఉన్న వలయం ముగ్గుతో గీయించండి, అది పెద్దది. అక్కడి నుంచి 80 మీటర్లు నడిచి ఒక శనగ గింజ పెట్టమనండి, అది చిన్నది. అదే కొలతలో మన సూర్యుడు ఆవగింజ, భూమి ఆ ఆవగింజకి జానెడు దూరంలో తిరిగే, కంటికి ఆనని నలుసు. ఆ 80 మీటర్లకి తగ్గట్టు అసలు ఎడం, భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి సుమారు 500 రెట్లు. ఒక చుట్టు తిరగడానికి వెయ్యేళ్ళ పైనే పడుతుంది. గ్రాంట్ చూసిన నాటి నుంచి నేటి వరకు దాని దారిలో అది పోయింది కొంచెమే. పెద్దది తన ఒంటి మీది వాయువుని ధారగా వదిలేస్తోంది. ఆ మబ్బులో మునిగి ఉన్న చిన్నది తన వేడితో చుట్టూ ఉన్న కొంత భాగాన్ని వెలిగిస్తోంది. ముసలాయన చుట్ట పొగ వదులుతుంటే కుర్రాడు అందులో టార్చి వేసినట్టు.

కార్తెల సంగతి కూడా పిల్లలకి చెప్పండి, మన జిల్లాల్లో అది అందరికీ తెలిసిన లెక్కే. జ్యేష్ఠ కార్తెలో జ్యేష్ఠ కనబడదు. డిసెంబరు మొదట్లో సూర్యుడు దాని పక్కనే ఉంటాడు, పైగా అప్పుడు మనకి వాయుగుండాల కాలం. దాన్ని రాత్రంతా చూడాలంటే ఎదురు కార్తెలో, రోళ్ళు పగిలే రోహిణిలో చూడాలి. సూర్యుడు రోహిణితో కలిసి పడమట దిగుతుంటే తూర్పున సముద్రం మీంచి జ్యేష్ఠ లేస్తుంది. ఆకాశంలో రెండూ దాదాపు ఎదురెదురు, రెండూ ఉబ్బిన ఎర్ర చుక్కలే. తైత్తిరీయ సంహిత నక్షత్రాల వరసలో జ్యేష్ఠని కూడా రోహిణి అనే పిలిచారు. రోహిణి అంటే ఎర్రనిది అనే కదా. కంటితో చూసినవాళ్ళు పెట్టిన పేరు అది.

మీ క్లాసులో జ్యేష్ఠలో పుట్టిన పిల్ల ఒకతె ఉందనీ, ఇంట్లో పెద్దవాళ్ళకి గండం అని చుట్టాలు ఏవో అంటారనీ రాశారు. తను పుట్టిన రోజు చంద్రుడు ఆ చుక్క వైపు ఉన్నాడు, అంతే. ప్రతి నెలా ఒక రోజు ఉంటాడు. ఐపీస్ దగ్గరికి ముందు ఆ పిల్లనే పిలవండి.

పేలుడు సంగతి తొందరగా ముగిస్తాను. పేలుతుంది, అది ఖాయం. ఎప్పుడంటే పది లక్షల ఏళ్ళు అటూ ఇటూ. హైడ్రోజన్ మండగా మిగిలిన హీలియం కూడా అయ్యాక కార్బన్, నియాన్, ఆక్సిజన్, సిలికాన్ ఒకదాని తర్వాత ఒకటి మండుతాయి, ఒక్కో దశ ముందుదాని కంటే పొట్టి. చివరి సిలికాన్ దశ కొద్ది రోజులే. ఇనుము దగ్గరికి వచ్చాక మండించి లాభం పొందేదేమీ ఉండదు, గుండ్రాయి ఒక్కసారిగా కూలిపోతుంది. అప్పుడు మన ఆకాశంలో పగటిపూట కూడా అది కనబడుతుంది. సుమారు 550 కాంతి సంవత్సరాల దూరం కాబట్టి మనకి ప్రమాదం లేదు. 2019 చివర్లో ఆర్ద్ర (బెటెల్‌గ్యూస్) మసకబారినప్పుడు పేలిపోతోందని ఒకటే హడావిడి చేశారు గుర్తుందా, దుమ్ము అడ్డొచ్చింది అంతే. జ్యేష్ఠదీ అదే జాతి. దాని వెలుగు కొంచెం తగ్గినప్పుడల్లా మీకు ఇలాంటి వీడియోలు వస్తూనే ఉంటాయి. మీరు నిన్న రాత్రి చూసిన వెలుగు, శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి కోట పట్టడానికి ముందే అక్కణ్ణించి బయల్దేరింది.

ఇక బ్యుర్గ్ కథ. మీ బడికి అసలు పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం. చంద్రుడు అప్పుడప్పుడూ జ్యేష్ఠని మూసేస్తాడు. ఆ గ్రహణాలు 18.6 ఏళ్ళకోసారి, అయిదేళ్ళ పాటు వరసగా వస్తాయి. ఇప్పటి వరస 2023లో మొదలైంది, 2028 దాకా నడుస్తుంది. ప్రతిదీ ప్రతి ఊరికీ కనబడదు. కనబడినా అన్నీ పనికిరావు. పౌర్ణమికి ముందు వచ్చేవి వదిలేయండి. అప్పుడు చంద్రుడి చీకటి అంచు ముందుండి చుక్కని మూస్తుంది, పడమట ఉన్న చిన్నదే ముందు మాయమవుతుంది, పెద్దది ఇంకా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. కావాల్సినవి పౌర్ణమి దాటాక, జనవరి నుంచి మే మధ్యలో వచ్చేవి. అప్పుడు చీకటి అంచు వెనక ఉంటుంది. దాని చాటు నుంచి బయటికి వచ్చేటప్పుడు పడమటి చుక్కకే మొదటి అవకాశం. బ్యుర్గ్ చూసింది అదే. చీకటి అంచు పక్కన ముందు ఒక మసక చుక్క వెలిగింది. సుమారు అయిదు సెకన్లకి దాని పక్కన జ్యేష్ఠ భగ్గుమంది. చంద్రుడు సెకనుకి అర ఆర్క్ సెకను జరుగుతాడు, 2.7ని దానితో భాగించి చూడమనండి పిల్లల్ని. చుక్కలు అంచు మీద పైకో కిందికో తేలితే ఈ లెక్క కొంచెం మారుతుంది.

ఆ అయిదు సెకన్లు చిన్నది ఒంటరిగా ఉంటుంది. గాలి వణికినా, మిద్దె వేడిగా ఉన్నా, అద్దాల అమరిక చెడినా దాన్ని ఆపలేవు, ఎందుకంటే కప్పేసే పెద్ద వెలుగు చంద్రుడి వెనకే ఉంది. ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం యాప్‌లో ఊరు కావలి అని పెట్టి, 2028 దాకా జనవరి నుంచి మే వరకు చంద్రుడు జ్యేష్ఠ దగ్గరికొచ్చే తెల్లవారుజాములన్నీ ఒక్కొక్కటే చూసుకోండి. మూసే రోజు దొరికితే, బయటికి వచ్చే నిమిషానికి మూడు నిమిషాల ముందే ఫోనుని ఐపీస్‌కి బిగించి వీడియో పెట్టేయండి. సెకనుకి 30 ఫ్రేములు, అయిదు సెకన్లకి 150 ఫ్రేములు. మర్నాడు క్లాసులో ఒక్కో ఫ్రేమూ ఆపి చూపించొచ్చు. ఒక్క జాగ్రత్త: చంద్రుడి వెలుగు వైపు ఐపీస్‌లోకి రాకుండా, చీకటి అంచు మాత్రమే ఉండేలా గొట్టాన్ని కాస్త పక్కకి జరిపి ఉంచండి.